బిడ్డ బావుంది సరే... మరి బాలింత?

మా గోదావరి జిల్లాల్లో బాలింతని చూడ్డానికి వచ్చేవాళ్లు ఖాళీ చేతుల్తో రారు. ప్రశ్నలు లేకుండా కూడా రారు. "నార్మలా, ఆపరేషనా?" "పాలు పడ్డాయా?" "ఎవరి పోలికండీ?" ఇంకాస్త దగ్గరోళ్లయితే పథ్యం దగ్గరికి వెళ్తారు. తెలకపిండి కూర పెడుతున్నారా, అందులో మునగాకు వేస్తున్నారా, వెల్లుల్లి కారం కొట్టారా, చెవుల్లో దూది పెట్టుకుందా, సాంబ్రాణి పొగ వేస్తున్నారా... ఇన్ని ప్రశ్నల్లో "నీకెలా ఉందమ్మా?" అన్నది మాత్రం ఉండదు. ఎవరైనా పొరపాటున అడిగినా, ఆ పిల్ల నోరు తెరిచేలోపే పక్కనున్న పెద్దావిడ చెప్పేస్తుంది: "దానికేంటండీ, కాలు కింద పెట్టనివ్వట్లేదు. మహారాణిలా ఉంది."

మా అక్క పురిటికి పుట్టింటికి వచ్చినప్పుడు నేను వర్క్ ఫ్రమ్ హోమ్‌లో మండపేట దగ్గర మా ఊళ్లోనే ఉన్నాను. పక్క గదిలో కూర్చుని మీటింగులు చేసుకుంటూ ఈ మాటలన్నీ వినేవాణ్ని. పేరు రాయకూడదన్న షరతు మీద, ఈ సంగతులు రాయడానికి అక్క ఒప్పుకుంది.

మూడో వారం నుంచి అక్కలో తేడా వచ్చింది. ఏడుపు కాదు. ఏడిస్తే మాకు కాస్త తొందరగా అర్థమయ్యేదేమో. మాట్లాడ్డం మానేసింది. బాబు నిద్రపోయినా తను పడుకునేది కాదు, గోడవైపు చూస్తూ కూర్చునేది. బాబు ఏడిస్తే ఉలిక్కిపడి లేచేది, ఎత్తుకునేది, పాలిచ్చేది. అన్నీ చేసేది. కానీ వాడి మొహంలోకి చూసేది కాదు. ఓ రోజు అమ్మతో, "వీణ్ని చూసుకోవడం నా వల్ల కావట్లేదు. వేరే ఎవరికైనా పుట్టి ఉంటే సుఖపడేవాడు" అంది. అమ్మ నీరసం అనుకుంది. అమ్మమ్మ దిష్టి అంది, ఎర్రనీళ్లు తిప్పి పోసింది. వచ్చిన చుట్టాలైతే, "మగపిల్లాడు పుట్టాడు, మొగుడు మంచోడు, ఇంకేం కావాలే నీకు?" అన్నారు. ఆ ప్రశ్నకి అక్క దగ్గర జవాబు లేదు. జవాబు లేకపోవడమే తనని ఇంకా తినేసిందని తర్వాత చెప్పింది.

ఇంట్లో అందరికంటే ముందు పట్టుకున్నది ఎవరో తెలుసా? బాబుకి నీళ్లు పోయడానికి వచ్చే ఆవిడ. కాళ్లు చాపి, బాబుని కాళ్ల మీద పడుకోబెట్టి నలుగు పెడుతూ అమ్మతో అంది, "అమ్మాయి గారి వాలకం బాలేదండి. నేను చాలామందికి నీళ్లు పోశాను. ఇలా అయినోళ్లని చూశానండి. డాక్టరుకి చూపించండి." ఆవిడేమీ చదువుకోలేదు. కానీ ఆవిడ చూసినన్ని బాలింతరాళ్లని నేను జన్మలో చూడను. నా భాషలో చెప్పాలంటే, ఆవిడ దగ్గర డేటా ఉంది.

రాజమండ్రిలో ఒక మానసిక వైద్యురాలికి చూపించాం. ప్రసవం తర్వాత వచ్చే డిప్రెషన్ అన్నారు. ఇంగ్లీషులో పోస్ట్‌పార్టమ్ డిప్రెషన్.

ఇది బేబీ బ్లూస్ కాదు

చాలామంది కలిపేసే రెండు సంగతులున్నాయి. కాన్పయిన రెండో మూడో రోజు నుంచి ఊరికే ఏడుపు రావడం, చిరాకు, భయం... దీన్ని బేబీ బ్లూస్ అంటారు. సగం మందికి పైగా తల్లుల్లో ఇది వస్తుంది. గర్భంతో ఉన్నప్పుడు బాగా పెరిగిన ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ హార్మోన్లు కాన్పు అవగానే కొద్ది రోజుల్లో ధబీమని పడిపోతాయి. దానికి తోడు నిద్ర ఉండదు, ఒళ్లంతా నొప్పులు. ఇది రెండు వారాల్లోపు తనంతట తనే సర్దుకుంటుంది. మంచి మాట, కాస్త నిద్ర చాలు.

రెండు వారాలు దాటాక కూడా దిగులు పోకుండా ఉంటే, లేదా ఇంకా ముదిరితే, అప్పుడది వేరే లెక్క. దేని మీదా ఆసక్తి ఉండదు. నేను పనికిరాని తల్లిని అనిపిస్తుంది. బిడ్డ నిద్రపోయినా తల్లికి నిద్ర పట్టదు. కొంతమందిలో దిగులు కంటే ఆందోళనే ఎక్కువ కనబడుతుంది. బిడ్డ ఊపిరి తీస్తున్నాడా లేదా అని రాత్రంతా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూ ఉంటారు. ఇది కాన్పయిన వెంటనే మొదలవ్వాలని లేదు. మూడో నెలలోనో ఆరో నెలలోనో కూడా రావచ్చు. చాలామందిలో అయితే కడుపుతో ఉన్నప్పుడే మొదలై ఉంటుంది.

ఎంతమందికి? మన దేశంలో జరిగిన 38 అధ్యయనాల్ని, వాటిలోని 20,043 మంది తల్లుల వివరాల్ని కలిపి లెక్కగట్టిన పరిశోధన ఒకటి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చింది. సగటున 22 శాతం అని తేల్చారు. అంటే దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు. దక్షిణాది రాష్ట్రాల అధ్యయనాలను విడిగా చూస్తే అది 26 శాతం. ఇది చదివాక నేను చేసిన మొదటి పని, మా వీధిలో ఈ మధ్య కాన్పయిన వాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టడం.

ఎవరికి వస్తుంది?

"ఎవరికైనా రావచ్చు" అని చెప్పి వదిలేయడం తేలిక. అది నిజమే కానీ సగమే నిజం. కొందరికి ముప్పు ఎక్కువ, దాని కారణాలు మన కళ్ల ముందే ఉంటాయి.

మన వాళ్లకి ఏ పెద్ద జబ్బు చేసినా వెల్లూరు సీఎంసీకి రైలెక్కుతారు కదా. ఆ వెల్లూరు పక్కనే కణియంబాడి అనే గ్రామీణ ప్రాంతంలో అక్కడి డాక్టర్లు నిండు గర్భిణుల్ని కలిసి, కాన్పు తర్వాత మళ్లీ వాళ్లనే కలిసి చేసిన అధ్యయనం 2002లో అచ్చయింది. కాన్పుకి ముందు బాగానే ఉండి, తర్వాత కొత్తగా డిప్రెషన్‌లోకి వెళ్లినవాళ్లు 11 శాతం. కారణాల జాబితా చూస్తే ఏ తెలుగు సీరియల్ కథో చదువుతున్నట్టు ఉంటుంది. తక్కువ ఆదాయం. కొడుకు కావాలనుకుంటే కూతురు పుట్టడం. అత్తగారితో పడకపోవడం. సొంత తల్లిదండ్రులతోనే పొసగకపోవడం. కడుపుతో ఉన్నప్పుడు ఇంట్లో ఏదైనా పెద్ద కష్టం. ఇంటి పనిలో చెయ్యి సాయం లేకపోవడం.

అదే ఏడాది గోవాలో 270 మంది తల్లుల మీద చేసిన మరో అధ్యయనం వచ్చింది. అక్కడ కాన్పయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి 23 శాతం మందిలో డిప్రెషన్ కనబడింది. వాళ్లలో 78 శాతం మంది కడుపుతో ఉన్నప్పుడే మానసికంగా బాగా ఇబ్బంది పడుతున్నవాళ్లు. సగానికి పైగా మందిలో ఆరో నెలకి కూడా తగ్గలేదు. భర్త కొట్టడం, భార్యాభర్తల మధ్య సరిపడకపోవడం, పేదరికం... వీటి వల్ల ముప్పు ఎక్కువ. ఆడపిల్ల పుడితే ఆ ముప్పు ఇంకా పెరిగింది.

ఈ ఆడపిల్ల సంగతి దగ్గర కాస్త ఆగాలి. పాప పుట్టడం వల్ల డిప్రెషన్ రాదు. పాప పుట్టిందని ఆసుపత్రి వరండాలో మొహాలు ముడుచుకుంటాయి చూడండి, దాని వల్ల వస్తుంది. "పోన్లే, మహాలక్ష్మి పుట్టింది" అనే మాటలో ఆ "పోన్లే" ఉంది చూశారా, మంచం మీద పడుకున్న ఆవిడకి అది ఒక్కటే వినబడుతుంది.

వీటికి తోడు డాక్టర్లు అడిగే సంగతులు ఇంకొన్ని ఉంటాయి. అంతకుముందు ఎప్పుడైనా డిప్రెషన్ వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా ఉందా, బిడ్డ నెలలు నిండకుండా పుట్టి ఐసీయూలో ఉందా, ఇంతకుముందు గర్భం పోయిందా, కాన్పు కష్టమైందా. రక్తహీనత, థైరాయిడ్ కూడా చూడాలి. కాన్పు తర్వాత కొందరికి థైరాయిడ్ దెబ్బతిని అచ్చం డిప్రెషన్‌లాగే కనబడుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21 నాటికి మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లు. 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్లయింది. ఈ అంకెలు నేరుగా డిప్రెషన్ అంకెలు కావు. కానీ పందొమ్మిదేళ్ల పిల్ల, ఒంట్లో రక్తం లేదు, పొట్ట మీద కుట్లు, ఒళ్లో బిడ్డ. ఈ బొమ్మ మన డెల్టాలో కొత్తదేం కాదు.

పుట్టిల్లు మంచిదే, కానీ...

తొలి కాన్పు పుట్టింట్లో చెయ్యడం మన ఆచారం. నా వరకు ఇది మన పెద్దవాళ్లు చేసిన తెలివైన ఏర్పాటు. వంట అమ్మ చేస్తుంది, నీళ్లు పోయడానికి మనిషి వస్తుంది, రాత్రి బిడ్డ ఏడిస్తే ఎత్తుకోవడానికి ఇంకో జత చేతులుంటాయి. వెల్లూరు జాబితాలో చెప్పిన "చెయ్యి సాయం లేకపోవడం" అనే సమస్యకి మన దగ్గర ఎప్పట్నుంచో మందు ఉంది.

అయితే ఆ మందులో కొంత చేదు కూడా కలిసింది. తలుపులు మూసిన గది, గాలి తగలకూడదు, బయటికి రాకూడదు, ఫోను చూడకూడదు, మంచినీళ్లు ఎక్కువ తాగకూడదు. నీళ్ల సంగతి డాక్టర్లు పూర్తిగా కొట్టిపారేస్తారు, పాలిచ్చే తల్లికి నీళ్లు ఎక్కువే కావాలి. ఇంతకాలం ఉద్యోగం చేసి, స్నేహితులతో తిరిగి, తన డబ్బు తను సంపాదించుకున్న అమ్మాయిని నెలల తరబడి ఒక గదిలో కూర్చోబెట్టి, ప్రతి ముద్దకీ పక్కన ఒకరు నిలబడితే దాన్ని విశ్రాంతి అనలేం.

ఇంకోటి. పుట్టింటి ఆచారంలో బిడ్డ తండ్రి అతిథి. శనివారం రాత్రి బస్సెక్కి వస్తాడు, కోడికూర తింటాడు, పాపని ఎత్తుకుని ఫొటో తీసుకుంటాడు, ఆదివారం సాయంత్రం వెళ్లిపోతాడు. డైపర్ మార్చడం కూడా రాదు. మూడో నెలో ఐదో నెలో సారె పెట్టి పంపేశాక ఆ అమ్మాయి హైదరాబాద్‌లో ఏ కూకట్‌పల్లి ఫ్లాట్‌లోనో దిగుతుంది. అమ్మ లేదు, నీళ్లు పోసే ఆవిడ లేదు, ఏమీ తెలియని మొగుడు ఉదయం తొమ్మిదింటికి లాగిన్ అవుతాడు. మా ఫ్రెండ్స్‌లో ఇద్దరి ఇళ్లల్లో ఇబ్బంది సరిగ్గా అప్పుడే మొదలైంది. అక్క విషయంలో మాత్రం మా బావ పదిహేను రోజులు సెలవు పెట్టి మా ఇంట్లోనే ఉన్నాడు. ఊళ్లో వాళ్లు "అల్లుడు ఇల్లరికం వచ్చాడా?" అని నవ్వారు. నవ్వనీండి.

కోనసీమ, పాలకొల్లు, నరసాపురం వైపు అయితే తండ్రి కువైట్‌లోనో ఖతార్‌లోనో ఉంటాడు. బిడ్డని మొదటిసారి చూసేది వీడియో కాల్‌లోనే. అమెరికాలో ఉన్న మన అమ్మాయిలది ఇంకో రకం ఒంటరితనం. అమ్మ విజిటర్ వీసా మీద కొన్ని నెలలుంటుంది, తర్వాత అత్తగారి వంతు. అక్కడి నుంచి నాలుగ్గోడలు.

ఉద్యోగం చేసేవాళ్లకి చట్టప్రకారం మొదటి ఇద్దరు బిడ్డల వరకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది, 2017 సవరణ నుంచి. తండ్రికి? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే 15 రోజులు. ప్రైవేటులో చట్టమంటూ ఏమీ లేదు, కంపెనీ దయ. అన్నట్టు, డిప్రెషన్ తండ్రులకీ వస్తుంది. 2010లో అచ్చయిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం కొత్త తండ్రుల్లో దాదాపు పది శాతం మందికి. అది ఇంకోసారి మాట్లాడుకుందాం.

పది ప్రశ్నలు

డాక్టరు గారు అక్కకి ముందు ఒక కాగితం ఇచ్చారు. 1987లో స్కాట్లాండ్‌లో తయారైన ఎడిన్‌బరో స్కేల్ అది. గత ఏడు రోజుల గురించి పది ప్రశ్నలు. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం ముప్ఫై. నవ్వు వస్తోందా, తప్పు లేకుండా నిన్ను నువ్వు నిందించుకుంటున్నావా, కారణం లేకుండా భయమేస్తోందా... ఇలాంటివి.

నాకు నచ్చింది ఏంటంటే, ఇందులో నీరసం గురించి, ఆకలి గురించి అడగరు. ఎందుకంటే కొత్త తల్లికి నీరసం మామూలే, దాన్ని లెక్కలో వేస్తే ప్రతివాళ్లూ పాజిటివ్ వస్తారు. నిద్ర గురించి అడిగేటప్పుడు కూడా "నిద్ర తక్కువైందా" అనరు, మనసు బాలేక నిద్ర పట్టట్లేదా అని అడుగుతారు. ఇంత జాగ్రత్తగా రాసిన టెస్ట్ కేసులు మా ఆఫీసులో కూడా ఉండవు. 13 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డిప్రెషన్ ఉండే అవకాశం ఎక్కువని చూస్తారు. చాలా చోట్ల 10 నుంచే జాగ్రత్తపడతారు. ఇది రోగ నిర్ధారణ కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలా వద్దా అని చెప్పే మెట్టు మాత్రమే. పదో ప్రశ్న మాత్రం వేరు. తనకి తను హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అన్నది. మొత్తం స్కోరు ఎంతైనా సరే, దీనికి "ఎప్పుడో ఒకసారి" అన్నా కూడా అదే రోజు డాక్టరుతో మాట్లాడాలి.

దీనికంటే తీవ్రమైనది ఇంకోటుంది. ప్రతి వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో వస్తుంది. చాలాసార్లు మొదటి రెండు వారాల్లోనే మొదలవుతుంది. ఎవరో మాట్లాడుతున్నట్టు వినబడ్డం, బిడ్డ తన బిడ్డ కాదనడం, రోజుల తరబడి నిద్ర లేకుండా ఒకటే వాగుడు, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం. దీన్నే మన పెద్దవాళ్లు గాలి సోకింది అంటారు, తాయత్తు కట్టిస్తారు. ఇది గుండెపోటు లాంటి అత్యవసరం. తల్లినీ బిడ్డనీ ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సరైన చికిత్స అందితే చాలామంది పూర్తిగా కోలుకుంటారు.

మందులు వాడితే పాలు ఆపాలా?

మా అమ్మ వేసిన మొదటి ప్రశ్న ఇదే. అవసరం లేదన్నారు డాక్టరు. సెర్ట్రలిన్ లాంటి మందులు తల్లిపాలలోకి చాలా తక్కువగా వెళ్తాయి, పాలిస్తూనే వాడే మందుల్లో ముందుగా ఆలోచించేది దాన్నే. ఏ మందు, ఎంత మోతాదు అన్నది డాక్టరే చెప్పాలి, పక్కింటావిడ చీటీ చూసి కొనుక్కునేది కాదు. పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది, బాగున్నాం కదా అని మధ్యలో మానకూడదు. డిప్రెషన్ మరీ ఎక్కువ లేనివాళ్లకి మందు లేకుండా కౌన్సెలింగ్‌తోనే తగ్గుతుంది.

ఆ కౌన్సెలింగ్‌కి పెద్ద పెద్ద డాక్టర్లే అక్కర్లేదని కూడా తేలింది. పాకిస్థాన్‌లో రావల్పిండి చుట్టుపక్కల పల్లెల్లో, మన ఆశా కార్యకర్తల్లాంటి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి డిప్రెషన్ ఉన్న తల్లుల ఇళ్లకి పంపారు. 2008లో ఫలితాలొచ్చాయి. బిడ్డకి ఆరు నెలలు వచ్చేసరికి, వాళ్లు శిక్షణతో మాట్లాడిన తల్లుల్లో 23 శాతం మందిలోనే డిప్రెషన్ మిగిలింది. మామూలుగా వెళ్లి పలకరించి వచ్చిన తల్లుల్లో 53 శాతం.

మన దగ్గరా ఆశా కార్యకర్త వస్తుంది. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో, మొత్తం ఆరుసార్లు ఇంటికి రావాలి. బిడ్డ బరువు చూస్తుంది, జ్వరం చూస్తుంది, తల్లికి రక్తస్రావం ఉందా అడుగుతుంది. డిప్రెషన్ మొదలయ్యే రోజులు, ఆవిడ మన గుమ్మంలోకి వచ్చే రోజులు ఒక్కటే. దిగులుగా ఉంటోందా, దేని మీదా ఆసక్తి లేకుండా పోయిందా అన్న రెండు ప్రశ్నలు ఆ కాగితంలో చేర్చి, ఆవిడకి ఇంకాస్త శిక్షణ, ఇంకాస్త డబ్బు ఇస్తే ఎంత పని జరుగుతుందో. ఇప్పటికే నెత్తిన మోయలేనంత పని ఉందన్నది కూడా నిజం.

కాకినాడ జీజీహెచ్‌లో సైకియాట్రీ విభాగం ఉంది. మా పెద్దవాళ్లకి మానసిక వైద్యం అంటే ఇప్పటికీ విశాఖపట్నం పిచ్చాసుపత్రే గుర్తొస్తుంది, బిడ్డని లాక్కుని తల్లిని గదిలో పెట్టేస్తారని భయం. చట్టం అందుకు పూర్తిగా రివర్స్. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం, చికిత్స కోసం చేరిన తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డని మామూలుగా వేరు చేయకూడదు. బెంగళూరు నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డల్ని కలిపి చేర్చుకునే ప్రత్యేక వార్డు 2009లోనే మొదలైంది.

సినిమా వాళ్లు బయటికి చెప్పడం కూడా పనికొచ్చింది. 'జై చిరంజీవ', 'అశోక్' సినిమాల్లో చేసిన సమీరా రెడ్డి 2015లో బాబు పుట్టాక తను డిప్రెషన్‌తో ఎలా పోరాడిందో చాలాసార్లు చెప్పింది. 'పోకిరి' ఇలియానా కూడా. అక్కకి నేను సమీరా ఇంటర్వ్యూ ఒకటి పంపాను. అది చూసి, "అయితే నాకు పిచ్చి కాదన్నమాట" అంది.

అక్కకి రెండు నెలల్లో తెరిపి వచ్చింది. మందుతో పాటు పనికొచ్చింది ఏంటని ఈ వ్యాసం రాసేముందు అడిగాను. రాత్రి పది నుంచి మూడింటి వరకు బాబుని అమ్మా బావా వంతులేసుకుని చూడ్డం, పిండి ఉంచిన పాలు పట్టడం, తను వేరే గదిలో ఐదు గంటలు ఏకధాటిగా నిద్రపోవడం అంది. రెండోది, సాయంత్రం కాలవ గట్టు మీద నడక. చెవిలో దూది లేకుండా.

డాక్టరు దగ్గరికి ఇప్పటికిప్పుడు వెళ్లలేని వాళ్లు 14416కి ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు అది. ఇరవై నాలుగ్గంటలూ పనిచేస్తుంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ చేసేది బాలింతే అయి ఉండాలని లేదు. భర్త చేయొచ్చు, తల్లి చేయొచ్చు, తమ్ముడూ చేయొచ్చు.